రెండో కుర్చీ పిల్ల

మార్లిస్ హ్రుష్కా కుళ్లు గురించి మా కార్బిన్ ఊళ్లో ఎవరినడిగినా రెండు ముక్కలు చెబుతారు. కానీ దాన్ని గురించి మాట్లాడే హక్కు నాకున్నంత ఇంకెవరికీ లేదు. ఒకటో తరగతిలో పక్కపక్కన కూర్చున్ననాటి నుంచి ఆ సెగ తగిలినదాన్ని నేను. నేను వంటింటి కిటికీకి పసుపుపచ్చ తెరలు కుట్టుకుంటే వారం తిరక్కుండా దాని కిటికీకీ అవే తెరలు, నావాటికంటే జానెడు పొడుగు. కౌంటీ సంతలో నా గసగసాల కొలాచీ బన్నులకు మొదటి బహుమతి వస్తే, ఆ ఏడాదంతా మా ఇంట్లో కొలాచీ ముట్టుకోలేదు మహాతల్లి. పక్క పొలంవాళ్ల ఆవుకు కవల దూడలు పుట్టాయని విని భోజనం మధ్యలో లేచిపోయిందని దాని మొగుడు ఎర్నీయే నాతో చెప్పాడు. ఆవును చూసి ఏడ్చే మనిషితో ఎలా వేగాలో చెప్పండి!

అయినా వేగాను. ఎందుకంటే అందరిలాగా లోపల కుళ్లుకుని పైకి నవ్వే రకం కాదది. "నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండుతోందే బెవ్, కాసిని కాఫీ పొయ్యి" అని మొహం మీదే అనేది. అలాంటి మనిషి మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం?

నేను స్కూలు వంటశాలలో వంటమనిషిని. అది స్కూలు బస్సు నడిపేది. పొద్దున్నే పల్లెల మీదుగా పిల్లల్ని ఎక్కించుకొచ్చి దించేసి, బస్సు వెనకవైపు ఆపి, నా వంటశాల దొడ్డి తలుపులోంచి లోపలికొచ్చేది. నా కోసం కాదులెండి. వంటశాలకూ బ్యాండు గదికీ మధ్య ఒక్కటే గోడ. దాని కూతురు క్రిస్టా మొదటి పీరియడులో ట్రంపెట్ వాయిస్తుంటే గోడకు వీపు ఆనించి కాఫీ తాగడం దానికి పూజలాంటిది.

ఆ ట్రంపెట్ మార్లిస్ అన్న లారీది. మేం పదో తరగతిలో ఉండగా లారీ వియత్నాం యుద్ధం నుంచి శవపెట్టెలో తిరిగొచ్చాడు. మా కొండ మీది స్మశానంలో పూడ్చేటప్పుడు సిపాయిలకు వాయించే వీడ్కోలు బాణీ వాయించడానికి మా ఊళ్లో మనిషి లేడు. ఉన్న ఒక్క మంచి ట్రంపెట్టువాడూ ఆ పెట్టెలోనే ఉన్నాడు. పక్క ఊరు లేన్స్‌బరో నుంచి ఎవడో కుర్రాడిని పిలిపించారు. పై స్వరం దగ్గరికొచ్చేసరికి వాడి ట్రంపెట్ పీక నొక్కిన కోడిపుంజులా కీచుమంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మార్లిస్ నా చెయ్యి రక్కేసినంత గట్టిగా పట్టుకుని, "ఒక రోజు ఇక్కడ మా రక్తం వాయిస్తుందే బెవ్. లేన్స్‌బరో వెధవలెవరూ కాదు" అంది. అన్నది అన్నట్టే కూతురికి పదేళ్లు రాగానే ఆ ట్రంపెట్ చేతిలో పెట్టింది.

మా స్కూలు బ్యాండులో కుర్చీలకు వరస ఉంటుంది. ట్రంపెట్లలో అందరికంటే బాగా వాయించేవాళ్లది మొదటి కుర్చీ, ఆ తర్వాతివాళ్లది రెండోది. మే నెలాఖరు సోమవారం, యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే మెమోరియల్ డే నాడు, ఊరంతా కొండెక్కినప్పుడు మొదటి కుర్చీ పిల్ల జెండా స్తంభం పక్కన నిలబడి వీడ్కోలు బాణీ వాయించాలి. ఒక్కో వరస వాయించి ఆగాలి. ఆగిన చోట, స్మశానం చివర స్ప్రూస్ చెట్ల వెనక ఎవరికీ కనపడకుండా నిలబడ్డ రెండో కుర్చీ పిల్ల అదే వరసను మెల్లగా తిరిగి వాయించాలి. పోయినవాళ్లు అటునుంచి పలికినట్టు ఉంటుందని మా పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి.

క్రిస్టా రెండేళ్లు చెట్ల వెనకే నిలబడింది. మార్లిస్‌కు అది తల కొట్టేసినట్టు ఉండేది. "ఊళ్లో కుక్కలన్నీ కాలెత్తే చోటే దొరికిందా నా కూతురికి?" అని నా మీద అరిచేది, ఆ చెట్లు నేనేదో నాటినట్టు. మూడో ఏడు మొదటి కుర్చీవాడు చదువు ముగించుకుని పోయాడు. క్రిస్టాకు అది బళ్లో ఆఖరి ఏడాది. సెప్టెంబరులో అది మొదటి కుర్చీలో కూర్చుంది. లారీ పోయిన ఇన్నేళ్లకు, రాబోయే మే నెలలో, లారీ మేనకోడలు లారీ ట్రంపెట్ పట్టుకుని జెండా పక్కన నిలబడుతుంది. మార్లిస్‌కు ఇంక ఈ లోకంలో కావలసింది లేదు. ఆ శరదృతువంతా అది నా తెరల వంక కూడా చూడలేదంటే నమ్మండి.

జనవరిలో వచ్చిపడింది తిర్జా వాండర్‌ప్లోగ్.

వాండర్‌ప్లోగుల పిల్లలు బడికి పోరు. వాళ్లమ్మే భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టి అందరికీ చదువు చెబుతుంది. అలాంటి ఇంటి చదువు పిల్లలు బ్యాండుకో ఆటలకో మాత్రం బడికి వచ్చి పోవచ్చని అప్పటికి నాలుగైదేళ్లుగా మా రాష్ట్రంలో పద్ధతి. వాళ్ల ఇల్లు సరిహద్దు కంకర రోడ్డుకు అవతలుంది. ఇవతలి ఇళ్లు మా కార్బిన్ స్కూలు డిస్ట్రిక్టు, అవతలివి లేన్స్‌బరో. అందుకని తిర్జా రెండేళ్లు లేన్స్‌బరో బ్యాండులో వాయించింది. అక్కడి బ్యాండు మాస్టారు పెళ్లి చేసుకుని వెళ్లిపోయాడు, కొత్తవాడు దొరకలేదు, బ్యాండు మూతపడింది. దాంతో ఆ పిల్ల డిస్ట్రిక్టు మార్చుకుని మా దగ్గరికొచ్చింది. ఆటలవాళ్లయితే అలా మారాక కొన్నాళ్లు పెద్ద జట్టులో ఆడకుండా కూర్చోవాలి. బ్యాండువాళ్లకు ఆ నియమం లేదు.

"వాలీబాల్ పిల్లయితే బెంచీ మీద కూర్చుని గోళ్లు గిల్లుకోమంటారు" అంది మార్లిస్, వంటశాలలో అటూ ఇటూ తిరుగుతూ. "ట్రంపెట్ పిల్లకు మాత్రం తివాచీ పరుస్తారా? ఇదెక్కడి న్యాయమే?"

"నన్నడుగుతావేం? నేను బంగాళాదుంపలు చిదుముకునేదాన్ని."

"మన ఆల్జీబ్రా పరీక్ష రాయదు. మన పాచి కూడు తినదు..."

"ఏయ్! పాచి ఎవరి కూడే?"

"...మన పిల్లలు పడే కష్టం ఒక్కటీ పడదు. దర్జాగా రావడం, ఊదడం, పోవడం! అదీ ఎక్కడినుంచి? లేన్స్‌బరో నుంచి!"

పుండు మీద కారం చల్లినట్టు ఇంకోటి కూడా జరిగింది. డిస్ట్రిక్టు మారిన పిల్లల్ని వాళ్లవాళ్లు సరిహద్దు దాకా తెచ్చి దింపాలి. మా బస్సు గీత దాటకూడదు, గీత ఇవతల ఎక్కించుకోవాలి. ఆ దారి మార్లిస్‌ది. రోజూ పొద్దున్నే ఆ పిల్ల కోసం బస్సు ఆపి, తలుపు తెరిచి, ఎక్కించుకుని, తన కూతురు కూర్చున్న బ్యాండు గదికి స్వయంగా తీసుకెళ్లి అప్పజెప్పాల్సిన ఖర్మ దానికి పట్టింది.

ఆ చలికాలం నా కారు మొరాయించి ఓ వారం నేనూ దాని బస్సులోనే వచ్చాను కాబట్టి నా కళ్లతో చూశాను. చీలమండల దాకా గౌను, చేతిమణికట్టంత లావు జడ, ముక్కు ఎర్రబడి మంచులో నిలబడి ఉంది. ఎక్కుతూనే, "గుడ్ మార్నింగ్ మిసెస్ హ్రుష్కా" అంది. మార్లిస్ జవాబుగా తలుపు దఢాలున మూసింది. ఎవరూ తెలీనిది కదా పాపం, డ్రైవరు సీటు వెనకే కూర్చుని దాని మెడ వంక చూస్తూ ప్రశ్నలు మొదలెట్టింది.

"క్రిస్టాకు బళ్లో సొంత అలమర ఉందటగా అండీ? తాళం తనదేనా?"

"ఊఁ."

"చిల్లీతోపాటు దాల్చినచెక్క రొట్టె పెడతారటగా? ముంచుకుని తింటారా, విడిగా తింటారా?"

"ముంచుకుని తింటారు" అని నేనే చెప్పాను. మాంసం, చిక్కుళ్లు కలిపి ఉడికించే ఆ చిల్లీ, ఆ రొట్టె, రెండూ వండేదాన్ని నేనే కదా.

ఆ పిల్ల పెద్ద నిట్టూర్పు విడిచింది. "క్రిస్టాను చూస్తే నాకు చచ్చేంత అసూయండీ."

బస్సు కాస్త పక్కకు జారింది. మార్లిస్ అద్దంలోకి చూసి, "ఏమన్నావ్?" అంది.

"నిజమండీ. బళ్లో తిట్లు తింటే ఇంటికెళ్లి అమ్మతో ముద్దు చేయించుకోవచ్చు తను. మా ఇంట్లో తిట్టేదీ ముద్దు చేసేదీ ఒక్కరే."

దిగాక మార్లిస్ నా భుజం పట్టుకుని ఆపేసింది. "విన్నావా? నా కూతుర్ని చూసి కుళ్లుకుంటోందట! ఎంత ధైర్యమే దానికి!"

"మంచిదేగా? నీకు సంతోషం కాదూ?"

"కుళ్లుకోవాల్సింది మనం, అది కాదు!" అని విసవిసా వెళ్లిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు.

ఇంకా పెద్ద మంట ఏమిటంటే, ఆ పిల్లలిద్దరూ ఒకళ్లనొకళ్లు వదలకుండా తిరగడం. చిల్లీ వండిన రోజు క్రిస్టా నా దగ్గర ఒక రొట్టె అడిగి పుచ్చుకుని, తిర్జా వాళ్లమ్మ వ్యాన్ వచ్చేలోపు చేతిలో పెట్టేది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్లు. మార్లిస్ కిటికీలోంచి చూసి పళ్లు నూరేది. "నేనడిగితే 'ఊఁ', 'ఆఁ' తప్ప మాట రాదు. దానితో మాత్రం ఎన్ని కబుర్లో చూడు!"

ఫిబ్రవరికల్లా తిర్జా రెండో కుర్చీకి వచ్చేసింది. ఇంక దాని ముందున్నది క్రిస్టా ఒక్కతే.

మా బ్యాండులో ఎవరైనా తన ముందు కుర్చీని సవాలు చేయొచ్చు. ఇద్దరూ వాయిద్యాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. బయట పిల్లలంతా కళ్లు మూసుకుని తలలు స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండ్లకు ఆనిస్తారు. మా బ్యాండు నేర్పే ఆల్బా మాస్టారు గోడవైపు తిరిగి నిలబడతాడు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లోపలి ఇద్దరికే తెలుసు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు వాయిస్తారు. తర్వాత కళ్లు తెరవకుండానే చేతులెత్తి ఓటేస్తారు, మాస్టారు ఇటు తిరిగి లెక్కపెడతాడు. స్నేహాలకూ, మొహమాటాలకూ చోటు లేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున్న తిర్జా బస్సెక్కుతూ, "ఇవాళ క్రిస్టాను సవాలు చేస్తున్నానండీ. చెయ్యమని తనే అంది. మీకు కోపం రాదు కదా?" అని అడిగిందట. "నాకెందుకు కోపం?" అని మార్లిస్ బ్రేకు తొక్కిన తొక్కుడికి వెనక పిల్లలందరి నుదుళ్లూ సీట్లకు కొట్టుకున్నాయి.

అది వంటశాలలోకి వచ్చేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను రొట్టెలు పొయ్యిలో పెట్టి, చేతులకు పిండితోనే వెళ్లి బ్యాండు గది తలుపు బెత్తెడు తెరిచి ఉంచాను. ఇద్దరం గోడకు అతుక్కుని నిలబడ్డాం.

మొదటి ట్రంపెట్ మోగింది. వీడ్కోలు బాణీయే. ఒక్క తప్పు లేదు, ఒక్క స్వరం జారలేదు.

"అది ఆ పిల్ల" అంది మార్లిస్ పెదవి విరిచి. "గడియారంలా కొడుతుంది. ప్రాణం ఎక్కడుంది అందులో?"

రెండోది మొదలైంది. ఏం చెప్పను! నాకు సంగీతం తెలీదు. మా అబ్బాయి డగ్ బ్యాండులో వాయించేది ట్రయాంగిల్, అదీ తప్పుగా. కానీ ఆ రెండో ట్రంపెట్ మొదటి వరస ముగిసేసరికి నా చేతులు ఏం చేస్తున్నాయో నాకు తెలీలేదు. లారీ ఇంటి వెనక మొక్కజొన్న చేలో నిలబడి సాయంకాలాలు వాయించుకునేవాడు, చిన్నప్పుడు మేం కంచె మీద కూర్చుని వినేవాళ్లం. అచ్చం అదే గొంతు.

మార్లిస్ నా చెయ్యి పట్టుకుంది. "అదీ! అదే నా పిల్ల! మా లారీ ట్రంపెట్టది, ఆ గొంతు నాకు తెలీదా? మరియమ్మ తల్లీ, లారీ ఊదినట్టే ఉందే, లారీయే ఊదుతున్నట్టుందే బెవ్!" కళ్లనీళ్లు బొటబొటా కారిపోతున్నాయి. లారీని పూడ్చిన రోజున కూడా ఏడవని మనిషి.

లోపల చేతులు లేచాయి. "రెండో వాయిద్యం" అని ఆల్బా మాస్టారు అనడం వినబడిందో లేదో, మార్లిస్ తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది. వాయిద్యాల గదిలోంచి పిల్లలిద్దరూ బయటికొస్తున్నారు. కూతుర్ని వాటేసుకుని, అందరూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా, "నాకు తెలుసు, రెండోది నువ్వేనని నాకు తెలుసు! ఎంత బాగా వాయించావే నా తల్లీ! మీ మామయ్య దిగొచ్చాడే!" అంది.

క్రిస్టా కదల్లేదు. "నేను మొదట వాయించానమ్మా" అంది.

అప్పుడు చూశాం. గొట్టం అంచున సొట్టపడ్డ లారీ ట్రంపెట్ తిర్జా చేతిలో ఉంది. క్రిస్టా చేతిలో ఉన్నది బడిది.

నా వంటశాలలో పొయ్యి పక్కన జరిగింది మిగతా గొడవ. ఆల్బా మాస్టారు పిల్లలందరి ముందూ వద్దని పంపించేశాడు.

"దాని చేతికి ఇస్తావా? లారీ ట్రంపెట్, దాని చేతికి?"

"తన ట్రంపెట్ వాల్వు పట్టేసిందమ్మా. పాతది, అద్దెది. ఆ సమయానికి కదల్లేదు. వాల్వు పట్టేసినందుకు నేను గెలిస్తే అది గెలుపా? అందుకే నాది ఇచ్చి, నాకు అలవాటున్న బడిది నేను తీసుకున్నాను."

"నీ మొహం! నీకు బుద్ధుందా? ఇన్నేళ్లు నేను దేనికోసం..."

"నువ్వు సరిగ్గానే గుర్తుపట్టావు" అంది క్రిస్టా. ఆ పిల్ల గొంతు పెంచలేదు, అందుకే నాకు భయం వేసింది. "అది మామయ్య ట్రంపెట్టే. ఏడేళ్ల నుంచి నేను దాన్ని ఊదుతున్నాను. నీ కన్ను ఒక్కసారి తడవలేదు. తను ఒక్కసారి ఊదితే ఏడ్చేశావు. తనను చూసి నీకెందుకమ్మా కుళ్లు? రావలసింది నాకు. వచ్చింది కూడా. ఇప్పుడే, ఆ తలుపు దగ్గర, నువ్వు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే."

అని వెళ్లిపోయింది. పొయ్యిలో రొట్టెలు మాడిపోయాయి. ఆ రోజు పిల్లలు చిల్లీ ఒట్టిదే తిన్నారు.

మర్నాటి నుంచి మార్లిస్ కాఫీకి రావడం మానేసింది. ఆల్బా మాస్టారి దగ్గరికి వెళ్లి, బళ్లో ఒక్క పాఠం చదవని పిల్ల, పక్క డిస్ట్రిక్టు పిల్ల, మా వాళ్ల సమాధుల మధ్య ఎలా నిలబడుతుందని నిలదీసింది. "బ్యాండులో ఉన్నవాళ్లందరూ మన బ్యాండేనమ్మా. మొదటి కుర్చీ ఎవరిదైతే వాళ్లే వాయిస్తారు" అన్నాడాయన. చివరికి సిగ్గు విడిచి బస్సులో తిర్జానే అడిగింది. ఆ పిల్ల, "క్రిస్టా సరేనంటే నేను చెట్ల వెనక నిలబడతానండీ. నాకెక్కడైనా ఒకటే" అందట. క్రిస్టా సరేననలేదు. "జాలిపడి ఇస్తే తీసుకునే రకం కాదు నేను. మళ్లీ తనను అడిగావంటే ట్రంపెట్ నీ చేతికే ఇచ్చేస్తాను" అంది తల్లితో.

ఇదంతా మార్లిస్ చెప్పుకోవడానికి నా దగ్గరికి రాలేదు, ఎర్నీ చెప్పాడు. అన్నం సరిగ్గా తినడం లేదట. "నా ఇంట్లో పుట్టాల్సిన చెయ్యి ఆ ఇంట్లో పుట్టింది" అని ఒకటే గొణుగుడట. అన్ని రకాల కుళ్లూ చూశాను గాని, దాని మొహంలో ఇంత నలుపు ఎప్పుడూ చూడలేదు నేను.

మెమోరియల్ డే వచ్చింది. బడికి సెలవే, కానీ పల్లెల్లోని బ్యాండు పిల్లల్ని ఎక్కించుకుని కొండ మీదికి తీసుకురావడం మార్లిస్ పని. సమాధుల దగ్గర చిన్న జెండాలు గుచ్చడానికి క్రిస్టా తెల్లవారగానే తండ్రితో ట్రక్కులో వచ్చేసింది. నేను మాజీ సిపాయిల లీజియన్ హాలు ఆడవాళ్లతో కలిసి హ్యామ్ శాండ్‌విచ్చులు తెచ్చి, గేటు పక్కన బల్ల మీద గుడ్డ కప్పుతున్నాను. ఎండ చురుక్కుమంటోంది. బస్సు వచ్చి ఆగింది. ఎర్రకోట్లు వేసుకున్న పిల్లలు ఒక్కొక్కళ్లే దిగారు. తిర్జా దిగలేదు.

"ఆ పిల్ల రాలేదు" అంది మార్లిస్, ఎవరూ అడక్కముందే. "రోడ్డు మీద ఎవరూ లేరు."

ఒకటో తరగతి నుంచి ఎరిగిన మొహం కదా, నాకు అర్థమైపోయింది. నేను నోరు తెరవబోయేలోపే ట్రాంబోన్ వాయించే ఓ పిల్లవాడు, అమాయకుడు, "అదేంటి మిసెస్ హ్రుష్కా! చెయ్యి ఊపుకుంటూ బస్సు వెనక ఎంత దూరం పరిగెత్తిందో! మీరు చూడలేదా?" అన్నాడు.

క్రిస్టా అక్కడే ఉంది. తల్లి వంక చూసింది.

ఆల్బా మాస్టారు గడియారం చూసుకుని తల పట్టుకున్నాడు. వెళ్లి తీసుకురావడానికి వేళ లేదు, ఫాదర్ అప్పటికే ప్రార్థన మొదలెట్టాడు. "క్రిస్టా, జెండా దగ్గరికి వెళ్లు. చెట్ల వెనక ఈసారి ఎవరూ వద్దు. మొత్తం నువ్వే వాయించెయ్" అన్నాడు.

మార్లిస్ వెళ్లి కూతురి కోటు కాలరు సర్దింది. "వెళ్లమ్మా. మామయ్య వింటుంటాడు" అంది. తర్వాత వెళ్లి లారీ రాయి పక్కన, గుండె మీద చెయ్యేసుకుని నిలబడింది. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన చోటు. ఆ మొహంలో వెలుగు చూస్తే, అది చేసింది తెలిసి కూడా, దాన్ని తిట్టుకోలేకపోయాను.

పేర్లు చదివారు. పోయినవాళ్లకు వందనంగా తుపాకులు పేలాయి. చంటిపిల్లలు ఏడ్చి ఊరుకున్నారు. హాలు పెద్దాయన సెల్యూట్ చేసి నిలబడ్డాడు. ఊరంతా జెండా స్తంభం వైపు చూసింది.

అక్కడ ఎవరూ లేరు.

ఎంతసేపు అలా ఉన్నామో! ఒక వరస వాయించేంతసేపు ఉన్నామని తర్వాత అర్థమైంది. అప్పుడు చెట్ల వెనకనుంచి, మెల్లగా, దూరంగా, ఆ మొదటి వరస జవాబుగా వచ్చింది. ఆగింది. మళ్లీ నిశ్శబ్దం. జెండా తాడు స్తంభానికి కొట్టుకుంటోంది. వాయించాల్సిన మనిషి వాయించి ఉంటే ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆగి, రెండో వరసకు జవాబు ఇచ్చింది. మళ్లీ ఆగింది. రెండో కుర్చీ పిల్ల రెండో కుర్చీ పని మాత్రమే చేస్తోంది. మొదటి కుర్చీ చోటు ఖాళీగా వదిలేసింది. పిల్లలతో సహా అందరికీ తెలిసిపోయింది, అక్కడ ఎవరో ఉండాలి, లేరు అని. పెద్దాయన సెల్యూట్ దించాలో వద్దో తెలీక అలాగే ఉండిపోయాడు.

మార్లిస్ మొదటి ఖాళీలో జెండా వైపు చూసింది. రెండో ఖాళీలో చెట్ల వైపు. పై స్వరం ముందు వచ్చిన ఖాళీలో తల వంచేసుకుంది. ఆ స్వరం చెట్ల వెనకనుంచి ఎక్కడా చిట్లకుండా వచ్చింది. మార్లిస్‌కు ఏడుపు వచ్చిందేమో చూశాను. రాలేదు. ఎండిపోయిన కళ్లతో నేల వంక చూస్తూ ఉంది.

అయిపోయాక క్రిస్టా చెట్ల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చింది. మార్లిస్ ఎదురెళ్లింది. ఊరంతా చుట్టూ ఉన్నా దానికి గొంతు ఆగలేదు. "ఏమిటే ఈ పని? అందరి ముందూ నన్నిలా... జెండా దగ్గర నిలబడి మొత్తం వాయించకూడదా? దానికోసమే కదా నేను..." అని, ఆపైన రాలేక ఆగిపోయింది.

"నా వంతు నేను వాయించానమ్మా" అంది క్రిస్టా. "మిగతా సగం నువ్వు రోడ్డు మీద వదిలేసి వచ్చావు."

ఆ పిల్ల నా కడుపున ఎందుకు పుట్టలేదా అని నాకు ఆ క్షణాన కడుపు రగిలిపోయింది. జీవితంలో మార్లిస్‌ను చూసి నేను కుళ్లుకున్నది అదే మొదటిసారి. క్రిస్టా తల్లిని దాటుకుని వెళ్లి, లారీ రాయి పక్కన గడ్డిలో కూర్చుని, ట్రంపెట్ ఒళ్లో పెట్టుకుంది.

మార్లిస్ ఒంటరిగా నిలబడింది. దాని పక్కకు ఎవరూ వెళ్లలేదు. కాసేపటికి నా వైపు తిరిగి, "ఆ పిల్ల ఇంకా ఆ రోడ్డు మీదే ఉంటుందంటావా బెవ్?" అంది.

"నన్నడుగుతావేం? వెళ్లి చూడు."

జేబులో తాళాలు తడుముకుంటూ కొండ దిగి బస్సు దగ్గరికి వెళ్లింది. ఎర్నీ తోడు వెళ్లబోతే వద్దని చెయ్యి ఊపింది. పసుపుపచ్చ బస్సు ఖాళీగా కంకర రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయింది. శాండ్‌విచ్చులు ఎండలో ఉన్నాయని ఎవరో గుర్తు చేశారు. బ్యాండు పిల్లలు ఎర్రకోట్లలో చెమటలు కక్కుతూ వరసలు కదలకుండా నిలబడ్డారు. మేం కూడా ఎవరం కదల్లేదు, అందరం రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాం.